సాగర్ వైపు చిన్న విమానం ఎగరేసే ముందు ఇంధనం జాగ్రత్తలు

- గేజ్ ముల్లును నమ్మి బయల్దేరొద్దు. రెక్క మీది మూత తీసి, ఆ మోడల్‌కే గుర్తులు పెట్టిన కొలకర్రతో చూడండి. మూత మళ్లీ బిగించాలి. వదులైతే ఎగిరేటప్పుడు ఇంధనం బయటికి లాగేసుకుపోతుంది.

- లెక్క గంటల్లో వేయండి. సెస్నా 152లో వాడుకోగలిగేది దాదాపు 92 లీటర్లు. గంటకు 23 తాగితే 4 గంటలు, అదీ మిక్స్చర్ (గాలిలో ఇంధనం కలిసే పాళ్లు) సరిగ్గా లీన్ చేస్తేనే, అంటే ఇంధనం పాలు తగ్గిస్తేనే.

- వానాకాలంలో నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ వైపు వెళ్తే పడమటి గాలి ఎదురొస్తుంది. 100 నాట్ల (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కి.మీ.) విమానానికి 25 నాట్ల ఎదురుగాలి తగిలితే 45 నిమిషాల దారికి గంట పడుతుంది. తిరుగు దారిలో కలిసొస్తుందిలే అనుకుంటారు చాలామంది. కలిసిరాదు! అప్పుడు 36 నిమిషాలు, మొత్తం 90 బదులు 96.

- అంతర్జాతీయ నియమం ప్రకారం, బయటికి చూస్తూ (వీఎఫ్ఆర్) ఎగిరేటప్పుడు రిజర్వ్, అంటే గమ్యం చేరాక కూడా మిగలాల్సిన ఇంధనం, పగలు 30 నిమిషాలకు, రాత్రి 45కి సరిపడా ఉండాలి. నన్నడిగితే గంట ఉంచుకోండి.

- పైపర్ పీఏ-28 అనే చిన్న విమానంలో ఒక రెక్క ట్యాంకు నుంచి ఇంకోదానికి మార్చే మీట ఉంటుంది. మార్చడం మర్చిపోయి, రెండో ట్యాంకులో ఇంధనం ఉండగానే ఇంజిన్ ఆగిపోయిన ప్రమాదాలు ఉన్నాయి. ఎప్పుడు మార్చాలో కాగితం మీద టైమ్ రాసుకోండి.

- ట్యాంకు అడుగు నుంచి కొంచెం తీసి చూడండి: 100ఎల్ఎల్ (ఇలాంటి విమానాల పెట్రోలు) నీలంగా ఉండాలి, కింద నీటిబొట్టు కనపడకూడదు.