పాత గేమ్ డిస్కు కొనే ముందు టార్చి వేసి చూడండి
కొత్త ప్లేస్టేషన్ 5 గేమ్ ఒక్కొక్కటి 5,000 రూపాయల దాకా పలుకుతుంది. మా అబ్బాయి రెండు వారాల్లో ముగించి పక్కన పెట్టేస్తాడు. అందుకే తిరుపతిలోనే వాడిన డిస్కులు కొంటున్నాము. అమ్మేవారి ఇంటికే వెళ్లి, డిస్కు మెరిసే వైపు ఫోను టార్చి ఏటవాలుగా వేసి చూడండి. మధ్య నుంచి అంచుకు పోయే సన్నగీతలు చాలావరకు పరవాలేదు. గుండ్రంగా తిరిగిన లోతైన గీత ఉంటే వదిలేయండి. తరువాత అక్కడే పది నిమిషాలు ఆడించాలి. ఆట పూర్తయ్యాక మేమూ అమ్మేస్తాము.

కొత్తది కొని, ఆడేసి, ‘పాడైంది’ అని దుకాణంలో వాపసు ఇవ్వడం మాత్రం వద్దు. సీలు తెగిన పెట్టె నష్టం దుకాణదారుడి నెత్తిన పడుతుంది, అది అన్యాయం.

డిస్కు డ్రైవు లేని డిజిటల్ ఎడిషన్ ఉన్నవారికి ఈ పద్ధతి పనికిరాదు.