పాత కంప్యూటర్‌లోనే ఇంటి కెమెరాల రికార్డింగు
ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు పెట్టి, రికార్డింగు సాఫ్ట్‌వేర్ వేయగానే పాత కంప్యూటర్ మొరాయించడం మా కావలిలో చాలా ఇళ్లలో కనిపించే చిరాకే. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా, ప్రధాన వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, అంటే కొత్తగా కుదించి మార్చకుండా, నేరుగా డిస్కులో భద్రపరచి, కదలికల గుర్తింపును మాత్రం కెమెరా దాంతోపాటే పంపే తక్కువ రిజల్యూషన్ గల రెండో వీడియో (సబ్‌స్ట్రీమ్) మీద నడిపే వీలు అందులో ఉందో లేదో ముందుగా చూడండి. ఉచితంగా దొరికే ఫ్రిగేట్‌లోనూ, విండోస్ కోసం కొనవలసిన బ్లూ ఐరిస్‌లోనూ ఈ వీలుంది. కెమెరా సెట్టింగుల్లోనే ప్రధాన వీడియోను 2 ఎంబీపీఎస్‌కు (సెకనుకు 2 మెగాబిట్లకు) కుదిస్తే ఒక్కో కెమెరాకు రోజుకు సుమారు 22 జీబీ అవుతుంది కాబట్టి, నాలుగింటికీ కలిపి 1 టీబీ డిస్కు దాదాపు 11 రోజులు వస్తుంది. బ్యాటరీతో నడుస్తూ సొంత యాప్‌లో మాత్రమే కనిపించే కెమెరాలు చాలావరకు ఆర్‌టీఎస్‌పీ (వేరే సాఫ్ట్‌వేర్‌కు నేరుగా వీడియో పంపే పద్ధతి) ఇవ్వవు. వాటికి ఈ పద్ధతి పనికిరాదు.