విద్యుత్ చేపల్లో మగ, ఆడ: సంకేతం రికార్డు చేసి తేల్చుకునే పద్ధతి

ఒంటి నుంచి సన్నని విద్యుత్తు మాత్రమే వదిలే బలహీన విద్యుత్ చేపల్లో చాలావాటికి పైకి చూసి మగ, ఆడ చెప్పడం కష్టం. వాటి విద్యుత్ సంకేతం మాత్రం చాలా జాతుల్లో ఆ తేడాను బయటపెడుతుంది. గయానాలో స్టెర్నోపైగస్ చేపలను పరిశీలించిన కార్ల్ హాప్కిన్స్ 1972లోనే దీన్ని చూపించారు: మగవి సుమారు 50–90 హెర్ట్జ్ దగ్గర, ఆడవి 100–150 దగ్గర సంకేతం ఇస్తాయి, పిల్లలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి.

ముందు జాతి ఏదో ఖాయం చేసుకోండి. ఇది తప్పితే మిగతా పనంతా వృథా. ఎందుకంటే మగదాని ఫ్రీక్వెన్సీ ఎక్కువా, ఆడదానిది ఎక్కువా అన్నది జాతిని బట్టి తిరగబడుతుంది. బ్రౌన్ ఘోస్ట్‌లో మగది పైన: స్థూలంగా మగవి 800–1000, ఆడవి 600–800 హెర్ట్జ్. దాని దగ్గరి చుట్టమైన బ్లాక్ ఘోస్ట్‌లో మగదే కింద ఉంటుంది, పైగా రెండు శ్రేణులూ కొంత కలిసిపోతాయి. ఐగెన్‌మానియాలోనూ మగవాటి ఫ్రీక్వెన్సీయే తక్కువ. ఈల్ పేరుతో పిలిచే బలమైన విద్యుత్ చేప జోలికి ఈ పద్ధతితో వెళ్లొద్దు. అది వందల వోల్టుల షాక్ కొడుతుంది.

చేపను రంధ్రాలున్న ప్లాస్టిక్ గొట్టంలో ఉంచండి. అది అటూ ఇటూ తిరగకూడదు, ఊపిరికి ఇబ్బంది పడకూడదు. తల ముందు ఒక ఎలక్ట్రోడ్, తోక వెనక ఒకటి, మధ్యలో పక్కకు గ్రౌండ్ తీగ. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ గానీ గ్రాఫైట్ కడ్డీ గానీ వాడండి. కొసన ఒక సెంటీమీటరు వదిలి మిగతాదంతా ఇన్సులేషన్‌లో ఉండాలి. రాగి వద్దే వద్దు, నీళ్లలోకి కరిగిన రాగి చేపకు విషం. బ్యాటరీతో నడిచే డిఫరెన్షియల్ యాంప్లిఫైయర్‌కు (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడాను మాత్రమే పెంచేది) 100 రెట్ల గెయిన్ పెట్టి, కంప్యూటర్ లైన్-ఇన్‌కు కలపండి. ఎలక్ట్రోడ్లను నేరుగా మైక్ జాక్‌కు పెట్టొద్దు. మైక్ కోసం ఆ జాక్ ఇచ్చే డీసీ వోల్టేజి నీళ్లలోకి దిగి చేపను కలవరపెడుతుంది, ఎలక్ట్రోడ్లనూ పాడుచేస్తుంది.

హీటర్, ఎయిర్ పంపు, లైటు ప్లగ్గులు తీసేయండి, ల్యాప్‌టాప్ చార్జర్ కూడా. అయినా కరెంటు హమ్ మిగిలితే ఫిల్టరుతో కోసేయాలనిపిస్తుంది. కోయకండి. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట హమ్ 50, 100, 150 దగ్గర పడుతుంది, స్టెర్నోపైగస్ సంకేతం ఉండేదీ సరిగ్గా అక్కడే. గొట్టాన్ని కాస్త తిప్పి చూడండి: చేప సంకేతం ఎత్తు బాగా మారుతుంది, హమ్ పెద్దగా మారదు.

తరంగ జాతులకు, అంటే ఆగకుండా అల్లా సంకేతం ఇచ్చేవాటికి, కనీసం నాలుగు సెకన్లు రికార్డు చేసి స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత బలముందో చూపే గ్రాఫు) తీయండి. అన్నిటికన్నా ఎత్తైన శిఖరాన్నే ఫ్రీక్వెన్సీ అనుకోకండి. ఎలక్ట్రోడ్లు చేపకు అడ్డంగా ఉంటే అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర ఉండే రెండో హార్మోనిక్ మొదటిదాన్ని మించొచ్చు, 350 హెర్ట్జ్ చేప 700గా కనిపిస్తుంది. సమాన దూరాల్లో ఉన్న శిఖరాల వరుసలో అన్నిటికన్నా కిందిదే అసలుది.

ఉష్ణోగ్రతను గొట్టం పక్కనే, అదే నిమిషంలో కొలవండి. నీళ్లు పది డిగ్రీలు వేడెక్కితే ఫ్రీక్వెన్సీ 1.5 నుంచి 1.6 రెట్లవుతుంది. 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర 850 హెర్ట్జ్ చూపిన బ్రౌన్ ఘోస్ట్‌ను మగదని రాసేస్తారు, కానీ 25 డిగ్రీలకు సరిచేస్తే అది 740–750, అంటే ఆడవాటి శ్రేణి. ఒకరి తొట్టి అంకెలు మరొకరి తొట్టితో కుదరకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

పల్స్ జాతుల్లో, అంటే మధ్యమధ్య ఆగుతూ చిన్న విద్యుత్ తుళ్లింతలు వదిలేవాటిలో, చూడాల్సింది ఆ పల్స్ ఆకారం. బ్రాకీహైపోపోమస్ గాడెరియో మగదానికి తోక లావు, పొడవు, పల్స్ రెండో భాగం సాగి ఉంటుంది. రాత్రి ఆ సాగుడు, ఎత్తు రెండూ పెరుగుతాయి కాబట్టి చీకటి పడ్డాకే రికార్డు చేయండి, పగటి కొలతలో తేడా కుంచించుకుపోతుంది. ఆఫ్రికా విద్యుత్ చేపల కుటుంబమైన మోర్మిరిడ్లలో చాలా జాతుల మగవి సంతానోత్పత్తి కాలంలో పల్స్‌ను రెండు మూడు రెట్లు పొడిగిస్తాయి. కొన్ని పల్స్‌లు మిల్లీసెకండులో మూడో వంతే ఉంటాయి, కాబట్టి సెకనుకు 48 వేలసార్లు కొలిచే 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ సరిపోదు, 96 గానీ 192 గానీ పెట్టండి. సౌండ్ కార్డు సంకేతాన్ని తలకిందులు చేస్తుందేమో ముందే చూసుకోండి: తల వైపు ఎలక్ట్రోడ్‌కు 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్ కొసను, తోక వైపుదానికి మైనస్‌ను, పెద్ద రెసిస్టర్ ద్వారా ఒక్క క్షణం తాకిస్తే గీత పైకి లేవాలి.

ఎలిఫెంట్‌నోస్ చేప దగ్గర (ఇదీ మోర్మిరిడే) పల్స్ కన్నా పొట్ట వెనక ఉన్న కింది రెక్క చూడడం మేలు. ఎదిగిన మగదానికి ఆ రెక్క మొదలు దగ్గర నొక్కు ఉంటుంది, ఆడదానికి అంచు తిన్నగా సాగుతుంది. తొట్టిలో ఎక్కువ కాలం ఉన్న చేపల్లో సంకేతపు తేడా చెరిగిపోతుంది.

ఫలితం మధ్యలో పడితే లింగం రాయకండి. అది ఇంకా పిల్ల కావచ్చు, లేదా సంతానోత్పత్తికి సిద్ధంగా లేకపోవచ్చు. దక్షిణ అమెరికా జాతులకు వానాకాలాన్ని అనుకరించండి: కొన్ని వారాలపాటు లవణాలు తక్కువున్న మెత్తని నీళ్లు కలుపుతూ వాహకత (నీళ్లు విద్యుత్తును మోసే గుణం) తగ్గించండి, నీటి మట్టం పెంచండి, పైనుంచి నీళ్లు చినుకుల్లా పడనివ్వండి. తర్వాత మళ్లీ కొలిచి, ఆ అంకెను పాతదాని పక్కన ఉష్ణోగ్రతతో సహా రాయండి. ఐగెన్‌మానియా ఒళ్లు దాదాపు పారదర్శకం కాబట్టి, గుడ్లతో నిండిన ఆడదాని పొట్టను వెనక లైటు పెట్టి చూస్తే రికార్డింగుతో పనిలేకుండానే తెలిసిపోతుంది.