ఇంటి లెక్క అందరికీ కనబడేలా రాసుకోవాలంటే

లెక్కల పుస్తకాన్ని పాలూ కూరగాయలతో మొదలుపెట్టొద్దు. మొదటి పేజీ అప్పులది. ఇంట్లో ఎవరి పేరున ఎంత బాకీ ఉంది, ఎవరి దగ్గర తెచ్చినారు, వడ్డీ ఎంత అన్నది రాయండి. మన వైపు వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం కాబట్టి బరువు తెలీదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 50,000 తెస్తే నెలకు 1,000, ఏడాదికి 12,000 వడ్డీకే పోతుంది, అసలు అట్లే ఉంటుంది. కుదువ పెట్టిన బంగారం, డ్వాక్రా కంతు, కిరాణా కొట్లో అరువు, అన్నీ ఆ పేజీలోకే రావాలి.

దాచిన అప్పు ఒక్కటున్నా పుస్తకమంతా చెడిపోతుంది. దాని వడ్డీ ఎట్లైనా కట్టాలి కాబట్టి ఆ డబ్బు పెట్రోలు పేరుతోనో కూరగాయల పేరుతోనో లెక్కలోకి ఎక్కుతుంది. బయటపెట్టడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆ రోజు ‘ఎందుకు చేసినావు’ అని ఎవరూ అడగకూడదని ముందే మాట అనుకోండి. ఈ ఒక్క నియమం తప్పితే రెండో నెల నుంచి ఎవరూ నిజం రాయరు.

రెండో పేజీలో ఆదాయం. జీతంతో పాటు పాల డబ్బు, కుట్టుమిషన్ మీద వచ్చేది, ఇంటి బాడుగ కూడా.

ఖర్చుకు 200 పేజీల నోటుబుక్కు చాలు. తేదీ, దేనికి, ఎంత, నగదా ఫోనా, ఎవరు అని ఐదు గళ్లు గీయండి. బీరువాలో పెట్టొద్దు, దారానికి పెన్ను కట్టి వంటింటి గూట్లో ఉంచండి. రాత్రి అన్నాలయ్యాక ఐదు నిమిషాలు రాస్తే సరిపోతుంది. ఫోన్‌లో హిస్టరీ ఉంది కదా, తర్వాత చూసుకోవచ్చు అనుకుంటారు గానీ, అక్కడ కొట్టు యజమాని పేరూ మొత్తమూ ఉంటాయి, ఏం కొన్నారో ఉండదు. పొద్దున ఉగ్గాని బజ్జీ తిని కొట్టిన డబ్బులు దేనివో వారం తర్వాత ఆ పేరు చూసి గుర్తుపట్టడం కష్టం.

తప్పులు ఎక్కువగా ఒకే డబ్బును రెండుసార్లు రాయడం వల్లే వస్తాయి. ఏటీఎంలో తీసిన 5,000 ఖర్చు కాదు, దాంతో కొన్నవే ఖర్చు. భర్త ఫోన్ నుంచి భార్య ఫోన్‌కు పంపింది కూడా అంతే. చేబదులు ఇచ్చిన డబ్బుకు వేరే పేజీ పెట్టండి, తిరిగి వచ్చినప్పుడు కొట్టేయండి. అరువు సరుకును తెచ్చిన రోజే రాయండి, బాకీ తీర్చిన రోజు మళ్లీ రాయొద్దు. చీటీ దగ్గర చాలామంది తడబడతారు. పాట పాడక ముందు కట్టే కంతు పొదుపు, పాడి డబ్బు తెచ్చుకున్నాక కట్టేది అప్పు కంతు. పాడిన రోజే దాన్ని మొదటి పేజీలోకి మార్చండి.

ఆదివారం నగదు సరిచూడండి. వారం మొదట్లో చేతిలో 3,000, ఏటీఎంలో తీసింది 8,000, నగదు ఖర్చు 9,250 అయితే 1,750 మిగలాలి. 1,500 ఉంటే ‘తేలనిది 250’ అని రాసి వదిలేయండి. లెక్క కలవాలని టీ ఖర్చు పెంచి రాస్తే పుస్తకం మీద నమ్మకం పోతుంది.

ఏడాదికోసారి వచ్చేవాటికి నెలనెలా పక్కన పెట్టకపోతే జూన్‌లో మళ్లీ వడ్డీకి పోవాల్సిందే. ఉదాహరణకు బడి ఫీజు 24,000, ఉగాదికీ దసరాకూ బట్టలు 9,000, తిరుమల ప్రయాణం 6,000, బండి ఇన్సూరెన్స్ 1,500, ఇంటి పన్ను 1,500. మొత్తం 42,000, అంటే నెలకు 3,500. దీన్ని ఖర్చులాగే ఒకటో తేదీనే తీసి వేరే ఖాతాలో వేయండి.

అనంతపురం వైపు శనక్కాయ మీద బతికే ఇళ్లకు నెల బడ్జెట్ సరిపోదు. పంట డబ్బు 1,80,000 వచ్చిందనుకుందాం. వచ్చే పంటకు విత్తనం, ఎరువు, కూలి కింద 60,000 ముందే తీసేయండి. మిగిలిన 1,20,000ను 12తో భాగిస్తే నెలకు 10,000. కానీ మన వానలను నమ్మి 12తో భాగించడం ప్రమాదం. 15తో భాగించి నెలకు 8,000తో గడిపితే పంట ఆలస్యమైనా మూడు నెలలు నిలబడతారు.

ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కొక్కరికీ నెలకు 300 గానీ 500 గానీ లెక్క చెప్పనక్కర్లేని డబ్బు ఇవ్వండి. అత్తకూ మామకూ కూడా. పుస్తకంలో పేరూ మొత్తమూ మాత్రం రాయాలి, దేనికని ఎవరూ అడగకూడదు. ఇది లేని ఇళ్లలోనే చీర ధర తగ్గించి చెప్పడం, స్నేహితులతో తిన్నది పెట్రోలులో కలపడం మొదలవుతుంది.

లెక్క తెరిచి పెట్టమన్నామని యూపీఐ పిన్ను పుస్తకంలో రాయొద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఫోన్‌లో మోసపోయి డబ్బు పోతే అది కూడా దాచకుండా వెంటనే ఇంట్లో చెప్పి 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బును ఆపించడం కష్టమవుతుంది.