గ్రీన్ కార్డుతో స్వదేశానికి తిరిగివచ్చినవారు: అమెరికా పన్ను బాధ్యతలు

గ్రీన్ కార్డు ఉంచుకొని హైదరాబాదుకో విజయవాడకో తిరిగివచ్చే కుటుంబాలలో తరచుగా వినిపించే ప్రశ్న, “అక్కడ జీతమే లేనప్పుడు అక్కడ పన్నేమిటి?” అన్నది. అమెరికా చట్టం అలా చూడదు. శాశ్వత నివాసి హోదా ఉన్నంతకాలం, ఏ దేశంలో ఉంటున్నా, ఎక్కడ సంపాదించినా, ఆ ఆదాయమంతటినీ అమెరికా వార్షిక పన్ను రిటర్ను అయిన ఫారం 1040లో చూపవలసిందే. కార్డు గడువు తీరిపోయినంత మాత్రాన ఈ బాధ్యత తీరదు. సాధారణంగా ఐ-407 ఫారం ద్వారా మీరే హోదాను వదులుకున్నప్పుడో, అధికారులు గానీ న్యాయస్థానం గానీ రద్దు చేసినప్పుడో అది ముగుస్తుంది.

ముందుగా మీ భారతీయ ఖాతాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలోని నిల్వలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, విదేశీ ఖాతాల వివరాలను అమెరికా ప్రభుత్వానికి తెలిపే నివేదిక అయిన ఎఫ్‌బార్ దాఖలు చేయాలి. అమ్మానాన్నల ఖాతాలో సౌకర్యం కోసం మీ పేరు జతచేసి ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. చాలామంది మరిచిపోయేది దీన్నే. విదేశాలలో ఉండే ఒంటరి వ్యక్తికి ఏడాది చివర విదేశీ ఆర్థిక ఆస్తులు 2,00,000 డాలర్లు దాటితే, వాటిని రిటర్నుతోపాటు చూపే ఫారం 8938 కూడా అవసరం. భారతీయ మ్యూచువల్ ఫండ్లకు ఫారం 8621 వేరే ఉంది. దాని లెక్క కఠినం కనుక, వీలైతే అలాంటి ఫండ్లు కొనకముందే నిపుణుణ్ణి అడగడం మేలు. విదేశంలో ఉన్నవారికి రిటర్ను గడువు జూన్ 15 అయినా, కట్టవలసిన పన్ను మీద వడ్డీ ఏప్రిల్ 15 నుంచే మొదలవుతుంది.

హైదరాబాదులో వచ్చే జీతానికి ఇక్కడ కట్టిన పన్నును ఫారం 1116 ద్వారా అమెరికా పన్నులోంచి తగ్గించుకోవచ్చు. చిక్కంతా ఇక్కడ పన్ను లేని ఆదాయాలతోనే. ఊళ్లో పొలం మీద వచ్చే కౌలు మన చట్టం ప్రకారం వ్యవసాయ ఆదాయం కాబట్టి దానికి ఆదాయపు పన్ను లేదు. అమెరికాకు మాత్రం అది పన్ను పడే ఆదాయమే; ఇక్కడ ఏమీ కట్టలేదు కనుక అక్కడ తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. గ్రామీణ ప్రాంతపు సాగుభూమి అమ్మితే వచ్చే లాభానిదీ ఇదే పరిస్థితి.

కార్డు వదులుకోవాలనుకునేవారు అన్నిటికంటే ముందు లెక్కించవలసింది సంవత్సరాలను. గత 15 పన్ను సంవత్సరాలలో కనీసం 8 సంవత్సరాలు హోదా ఉంటే మీరు దీర్ఘకాలిక నివాసి, అప్పుడు హోదా వదులుకున్న సంగతిని పన్ను శాఖకు తెలిపే ఫారం 8854 తప్పనిసరి. ఏడాదిలో ఒక్కరోజు ఉన్నా అది పూర్తి సంవత్సరమే. ఉదాహరణకు 2018 డిసెంబరులో కార్డు వచ్చినవారు 2025 జనవరిలో వదులుకుంటే, నిజానికి గడిచింది ఆరేళ్ల పైచిలుకే అయినా, లెక్కకు 8 సంవత్సరాలు. అదే 2024 డిసెంబరులో వదులుకుంటే ఏడే. దీర్ఘకాలిక నివాసి నికర ఆస్తి 20 లక్షల డాలర్లకు చేరినా, గత అయిదేళ్ల సగటు ఆదాయపు పన్ను నిర్ణీత పరిమితిని (2025లో 2,06,000 డాలర్లు) దాటినా, ఆస్తులను హోదా వదులుకోవడానికి ముందురోజే అమ్మినట్లు భావించి నిష్క్రమణ పన్ను లెక్కగడతారు. గత అయిదేళ్ల రిటర్నులు సక్రమమని ధ్రువీకరించలేనివారికి ఆస్తి ఎంత తక్కువైనా ఇదే వర్తిస్తుంది కాబట్టి, పాత రిటర్నులలో లోపాలుంటే వాటిని ముందు సరిచేసుకోండి.

భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం తాము భారత నివాసులమని ఫారం 8833 ద్వారా చెప్పుకొనే దారి కూడా ఉంది. అయితే దీర్ఘకాలిక నివాసి అలా చెప్పుకుంటే పన్ను చట్టం దాన్నీ హోదా వదులుకోవడంగానే పరిగణిస్తుంది. కార్డు నిలబెట్టుకోవాలనుకునేవారికి ఇమ్మిగ్రేషన్ వ్యవహారంలోనూ అది ప్రతికూల సాక్ష్యం కావచ్చు. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు రెండు దేశాల పన్నులూ తెలిసిన నిపుణుణ్ణీ, ఇమ్మిగ్రేషన్ న్యాయవాదినీ ఇద్దరినీ సంప్రదించండి.