కొత్త గేమ్ కొనే ముందు ఇలా చేయండి

అన్నిటికన్నా ముందు, ప్రీఆర్డర్ చేయకండి, అంటే గేమ్ విడుదల కాకముందే కొనేయకండి. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 ఎన్ని బగ్‌లతో వచ్చిందంటే, సోనీ దాన్ని తన స్టోర్‌లోంచే కొన్ని నెలలు తీసేసింది. 2023లో 2.0 అప్‌డేట్ వచ్చాక అదే గేమ్‌ని జనం మెచ్చుకున్నారు, ఆగినవాళ్లకి తక్కువ ధరకే మంచి గేమ్ దొరికింది.

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో నచ్చినవి విష్‌లిస్ట్‌లో పెట్టండి, ధర తగ్గగానే మెయిల్ వస్తుంది. కొన్నాక మొదటి గంటలోనే మీ పీసీలో సరిగ్గా నడుస్తోందా, కంట్రోల్స్ చేతికి కుదురుతున్నాయా చూసుకోండి, ఎందుకంటే కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటేనే మామూలుగా రీఫండ్ ఇస్తారు, మెనూ తెరిచి పెట్టి టీకి వెళ్లినా ఆ టైమ్ లెక్కలోకే వస్తుంది.

ఇంకోటి, స్టీమ్‌లో మనం కొనేది ఆడుకునే లైసెన్స్ మాత్రమే, గేమ్ కాదు. నాకు ఇది అస్సలు నచ్చదు. అందుకే ముందు జీఓజీ అనే ఇంకో గేమ్ స్టోర్‌లో ఉందేమో చూస్తాను, అక్కడైతే ఇన్‌స్టాలర్‌ని డౌన్‌లోడ్ చేసి హార్డ్‌డిస్క్‌లో దాచుకోవచ్చు.

మర్నాడు ఆఫీసు ఉంటే రాత్రి ర్యాంక్డ్ మ్యాచ్‌లు (గెలుపోటములతో ర్యాంకు మారే ఆన్‌లైన్ ఆటలు) వద్దు, ఓడిపోయిన టెన్షన్‌లో ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ ఒంటిగంట దాటిపోతుంది. ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకునే గేమ్ పెట్టుకోండి.