పిస్టల్ సైట్ కుదరడం లేదా? తప్పు ఎక్కడుందో, ఎవరి చేతికి ఇవ్వాలో

గురి సరిగ్గానే పెడుతున్నా గుండ్లు మాత్రం ఎడమ పక్కకు, కిందికే పోతుంటాయి. హనుమకొండ, కరీంనగర్ వైపు ఎయిర్ పిస్టల్ నేర్చుకునే పిల్లలు, లైసెన్స్ మీద .32 పిస్టల్ పెట్టుకున్న పెద్దవాళ్లు ఇద్దరూ ఈ మాటే చెబుతారు. ఆ వెంటనే, "సైట్ మార్పించాలన్నా, మంచి గన్‌స్మిత్ ఎవరన్న ఉన్నరా?" అని అడుగుతారు. సైట్ అంటే గురి చూసుకోవడానికి పిస్టల్ పైన ఉండే చిన్న ముక్క; ముందున్నది ఫ్రంట్ సైట్, వెనకున్నది రియర్ సైట్. గన్‌స్మిత్ అంటే తుపాకులు బాగుచేసేవాడు. ఆ ప్రశ్నకు ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చాలాసార్లు గన్‌స్మిత్ అవసరమే పడదు. పడినప్పుడు మాత్రం చేయి తిరిగిన మెకానిక్ అయితే చాలదు, అతని దగ్గర లైసెన్స్ కాగితం కూడా ఉండాలి.

ఏ స్క్రూ ముట్టుకునే ముందైనా మేగజైన్ తీసేసి, స్లయిడ్ (పైన జరిగే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్ (గుండు కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితో చూడండి. వేలితో కూడా తడిమి చూడండి. ఎయిర్ పిస్టల్ అయితే గాలి సిలిండర్ విప్పి పక్కన పెట్టండి.

గుండ్లన్నీ గుత్తిగా ఒకే పక్కకు పడుతున్నాయి

పిస్టల్ పట్టిన చేతిని ఇసుక సంచి మీద ఆనించి అయిదు గుండ్లు కాల్చండి. అప్పుడు గుత్తి మధ్యకు వస్తే సైట్ తప్పు లేదు. కుడిచేతి వాళ్లకు గుండ్లు ఎడమ కిందికి పోతున్నాయంటే చాలావరకు ట్రిగర్‌ను గుంజడమే కారణం. దానికి విరుగుడు డ్రై ప్రాక్టీసే, అంటే ఖాళీ పిస్టల్‌తో ట్రిగర్ నొక్కే సాధన. సైట్ తిప్పి ఆ తప్పును కప్పిపుచ్చితే, ట్రిగర్ కుదిరిన రోజున గుండ్లు అవతలి పక్కకు పోతాయి.

ఆనించి కాల్చినా అదే చోట పడితే, ఇంకొకరి చేత కాల్పించినా అక్కడే పడితే అప్పుడు సైట్ తిప్పండి. రియర్ సైట్‌ను, గుండు ఎటు పోవాలో అటే జరపాలి. అయితే స్క్రూ మీద ఉండే అక్షరాలతో జాగ్రత్త. కొన్ని పిస్టళ్లలో అవి గుండు ఎటు జరగాలో చెబుతాయి, కొన్ని జర్మన్ తరహా వాటిలో గుండు ఇప్పుడు ఎటు పడుతోందో చెబుతాయి. మాన్యువల్ చూసి, నాలుగు క్లిక్కులు తిప్పి, కాల్చి చూసుకున్నాకే ముందుకు పోండి.

నిన్న సరిచేస్తే ఇవాళ మళ్లీ మారింది

ఇది నిజంగా సైట్ జబ్బే. ఎంత చిన్న కదలికకు ఎంత నష్టమో లెక్క వేద్దాం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది గీత వ్యాసం 11.5 మి.మీ., ఆ తర్వాత ఒక్కో గీతకు మధ్య దూరం 8 మి.మీ. ముందు, వెనక సైట్ల మధ్య దూరం 30 సెం.మీ. అనుకుంటే, రియర్ సైట్ పావు మిల్లీమీటరు కదిలితే చాలు, గుండు ఒక గీత అవతల పడుతుంది. కంటికి కనబడని కదలిక అది, గోటికి మాత్రం తెలుస్తుంది. బొటనవేలి గోరును రియర్ సైట్ అంచుకు ఆనించి మెల్లగా అటూ ఇటూ నెట్టండి. సన్నగా టిక్‌మన్నా, గోటి కింద వణికినట్టున్నా వదులైనట్టే.

ఎయిర్ పిస్టల్‌లో దీనికి కారణం గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) వదులవడమో, అడుగునుండే చిన్న స్ప్రింగ్ అలిసిపోవడమో, దుమ్ము నూనెతో కలిసి గాడిలో గట్టిపడడమో అయ్యుంటుంది. సరైన సైజు ఎలెన్ కీతో విప్పి, పాత టూత్ బ్రష్‌తో గాడి శుభ్రం చేసి, నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులుకాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క వేసి బిగించండి. ఎర్రది వద్దు, మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. క్లిక్కులతో తిరిగే స్క్రూలకు మాత్రం ఏదీ పూయకండి. మన దేశంలో 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. కాబట్టి అలాంటి స్క్రూ పోతే లేత్ షాపులోనో, గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరో చేయించుకోవచ్చు.

ఫ్రంట్ సైట్ మసకగా ఉంది, అంచు మెరుస్తోంది

చూపు టార్గెట్ మీదికి పోతే ఫ్రంట్ సైట్ మసకబారుతుంది. స్పష్టంగా కనబడాల్సింది ఫ్రంట్ సైటే, టార్గెట్ మధ్యలోని నల్ల చుక్క కొంచెం మసకగా ఉన్నా ఫర్వాలేదు. నలభై దాటినవాళ్లకైతే చత్వారం కావచ్చు. పిస్టల్ చాచి పట్టుకున్నప్పుడు కంటి నుంచి ఫ్రంట్ సైట్‌కు ఎంత దూరమో టేపుతో కొలిపించుకుని, ఆ కొలత కళ్ల డాక్టరుకు చెప్పి అద్దం రాయించుకోండి. కొత్త సైట్‌కు పెట్టే ఖర్చు కంటే ఇది నయం.

అంచు మెరుస్తుంటే నలుపు అరిగిందన్నమాట. కర్పూరం దీనికి బాగా పనిచేస్తుంది. సైట్ బ్లేడును పిస్టల్ నుంచి విప్పి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట వెలిగించిన కర్పూరం బిళ్ల పొగ మీద ఒక్క క్షణం తిప్పండి. మెత్తటి మసి పొరగా పట్టేసి, మెరుపు పూర్తిగా పోతుంది. బ్లేడు విప్పడం రాకపోతే ఈ పని చేయకండి. పిస్టల్ దగ్గరికి, గాలి సిలిండర్ దగ్గరికి మంట తీసుకుపోవద్దు.

.32 పిస్టల్: కదపడానికి వీల్లేని సైట్, గుండు కిందికే పడుతోంది

ఫ్రంట్ సైట్ ఎత్తు ఎక్కువైతే గుండు కిందికి పడుతుంది. ఎంత ఎక్కువో లెక్కతో తేలుతుంది: టార్గెట్ మీద తేడాను సైట్ల మధ్య దూరంతో గుణించి, కాల్చిన దూరంతో భాగించాలి. 15 మీటర్ల నుంచి 10 సెం.మీ. కిందికి పడుతోంది, సైట్ల మధ్య 15 సెం.మీ. ఉందనుకుంటే సరిగ్గా 1 మి.మీ. తగ్గించాలి. పక్కకు పడుతుంటే సైట్‌ను దాని గాడిలో ఇత్తడి కడ్డీతో తట్టి జరుపుతారు. ఈ కొలతలు రేంజ్‌లో, అంటే కాల్పుల సాధనకు ఉన్న చోట, కాల్చి తీసుకోవాల్సినవి, మామిడి తోటలో కాదు. గచ్చిబౌలి వైపు రేంజ్‌కు పోయేవాళ్లుంటే నిర్వాహకుల అనుమతి అడిగి వెళ్లండి.

సైట్ ఎత్తు తగ్గించడానికి ఆకురాయి పట్టేది మాత్రం మీరు కాదు, మీ ఊరి లేత్ ఆయనా కాదు. ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల రిపేరు వ్యాపారానికి లైసెన్స్ ఉండాలి. పనితనం ఎంత ఉన్నా ఆ కాగితం లేనివాడి చేతికి మీ ఆయుధం ఇస్తే కేసు ఇద్దరి మీదా అవుతుంది. "మనోడే, ఇంట్లోనే చేస్తడు" అని ఎవరు చెప్పినా వినకండి. నాకు అన్నింటికన్నా భయం ఇక్కడే.

మరి ఎవరిని పట్టుకోవాలి? మీ లైసెన్స్ ఇచ్చిన కార్యాలయంలోని ఆయుధాల సెక్షన్‌లో, రిపేరు లైసెన్స్ ఎవరికి ఉందో అడగండి. తర్వాత మీరు పిస్టల్ కొన్న గన్ హౌస్. అమ్మకానికి లైసెన్స్ ఉన్నంత మాత్రాన రిపేరుకూ ఉన్నట్టు కాదు, లైసెన్స్ కాగితంలో ఆ మాట ఉందో లేదో మీ కళ్లతో చదవండి. ఇచ్చేటప్పుడు ఆయుధం నంబరు, చేయాల్సిన పని, తేదీ రాసిన రసీదు తీసుకోవాలి. కొత్త పిస్టల్ అయితే ముందు తయారీదారు సర్వీసును అడగండి, వారంటీ ఉండగా బయటివాళ్ల చేత తెరిపించొద్దు.

తీసుకెళ్లేటప్పుడు గుండ్లు ఇంట్లోనే వదిలేసి, పిస్టల్‌ను బయటికి కనబడకుండా పెట్టెలో పెట్టి, ఒరిజినల్ లైసెన్స్ వెంట ఉంచుకోండి. ఆ లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో కూడా ఒకసారి చూసుకోండి. నర్సంపేటలోనో పరకాలలోనో ఉన్న పెద్దాయన హైదరాబాద్ దాకా పోలేకపోతే, కొడుకు చేత పంపొచ్చా? పంపొచ్చు. రిపేరు కోసం లైసెన్సుదారు రాతపూర్వకంగా అధికారం ఇస్తే ఇంకొకరు తీసుకెళ్లడానికి అదే చట్టంలోని 3వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. "బాపు పంపిండు" అన్న నోటిమాట సరిపోదు, సంతకంతో ఉన్న కాగితం కావాలి. కొరియర్ మాట మరిచిపోండి.

ఎన్నికల తర్వాత సైట్ తుప్పు పట్టి వచ్చింది

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధం స్టేషన్‌లో జమ చేయమంటారు. వానాకాలం చెమ్మలో వారాల తరబడి తోలు ఒరలో ఉంటే సైట్ గాడిలో తుప్పు దిగుతుంది. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి ఒర తీసేయండి. పలచగా నూనె రాసి, నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని, రసీదుతో జమ చేయండి. పైపై తుప్పును నూనె గుడ్డతో తుడవొచ్చు. గాడిలో బిగుసుకుపోతే సుత్తి పట్టకుండా గన్‌స్మిత్‌కే ఇవ్వండి.

ఉన్నది బాగానే ఉంది, ఇంకా మంచి సైట్ వేయించాలా?

పోటీలకు ఆడే పిల్లలకు రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపే సైట్) కొనకండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నియమాల్లో పిస్టల్‌కు ఓపెన్ సైట్లే, అంటే అద్దాలు లేని మామూలు సైట్లే చెల్లుతాయి. వాళ్లకు పనికొచ్చేది వెడల్పు మార్చుకునే ఫ్రంట్ బ్లేడు. చేయి చాచి చూస్తే, బ్లేడుకు రెండు పక్కలా సమానంగా వెలుతురు సందు కనబడాలి. .32కు రెడ్ డాట్ వేయాలంటే చాలావరకు స్లయిడ్‌ను చెక్కాలి, ఒకసారి చెక్కితే పాత స్థితికి రాదు. నేనైతే వద్దంటాను. ఫ్రంట్ సైట్ మీద తెల్ల చుక్క పెట్టించుకుంటే మసక వెలుతురులో కూడా చక్కగా కనబడుతుంది.

పని అయ్యాక పిస్టల్ చేతికి తీసుకునేటప్పుడు నంబరును లైసెన్స్‌తో పోల్చి చూసి, గోటి పరీక్ష గన్‌స్మిత్ ముందే మరోసారి చేసి, అప్పుడే డబ్బులివ్వండి.